కడుపుతో ఉన్న పిల్లకి తుపాకీ ఎందుకు?

పోయిన నెల ఒక ఆదివారం, పప్పులో తాలింపు వేస్తుంటే మా చెల్లెలి ఫోను. ఏడుపు గొంతు. "అక్కా, నువ్వయినా చెప్పవే దానికి. ఐదో నెల వచ్చింది. ఇంకా ఆ తుపాకీ వదలడం లేదు. నిన్న మా వియ్యపురాలికి కూడా తెలిసిపోయింది" అంది.

మా చెల్లెలి కూతురు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినప్పుడు మొదటిసారి రైఫిల్ పట్టుకుంది. అప్పట్నుంచీ అదే పిచ్చి. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, హైదరాబాదులో కాపురం పెట్టింది. అయినా ప్రతి శనివారం రేంజికి వెళ్లి రెండు గంటలు గురి పెట్టి వస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్. వేవిళ్లు తగ్గగానే మళ్లీ మొదలుపెట్టిందట. ఇంట్లో "ఫ్రెండ్‌ని చూడ్డానికి వెళ్తున్నా" అని చెప్పి వెళ్తోందట. అదీ గొడవ.

నిజం చెప్పొద్దూ, విన్న వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట కూడా "కడుపుతో ఉన్న పిల్లకి తుపాకీ ఎందుకే?" అనే. మా చెల్లెలు హాయిగా ఊపిరి పీల్చుకుంది. సాయంత్రం దానికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెడతానని మాటిచ్చాను.

మధ్యాహ్నం నడుం వాల్చినా నిద్ర పట్టలేదు. నేనేం చెప్పాలి? ఎందుకు వద్దని చెప్పాలి? "అందరూ వద్దంటున్నారు" అని చెప్తే సరిపోతుందా? నా మొదటి కడుపు మూడో నెలలో పోయినప్పుడు, టైపు పరీక్షకి బస్సులో వెళ్లడం వల్లే పోయిందని మా అత్తవారింట్లో తేల్చేశారు. పదేళ్లపాటు నేనూ అదే నమ్మాను. రెండో బిడ్డ పుట్టాక కూడా ఆ బస్సు కుదుపులు గుర్తొచ్చి ఏడ్చిన రాత్రులున్నాయి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయనీ, బస్సుకీ దానికీ సంబంధం లేదనీ చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అందుకని ఈసారి చీవాట్లు పెట్టే ముందు విషయం తెలుసుకుందామనుకున్నాను. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు చదివాను. నాకు తెలిసిన డాక్టరమ్మని అడిగాను.

మొదట దొరికింది మలేషియా అమ్మాయి నూర్ సుర్యానీ కథ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎనిమిది నెలల కడుపుతో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నిలబడింది. మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే, అదే ఆటలో, మగవాళ్ల విభాగంలో. ఆవిడ 34వ స్థానంలో వచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో బ్రిటన్ అమ్మాయి జోడీ గ్రిన్హామ్ ఏడు నెలల కడుపుతో విలువిద్యలో రెండు పతకాలు గెలిచింది. చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

కానీ ఒక్క మాట. వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయొచ్చు అనడం, "నేను తొమ్మిదో నెల దాకా నూతిలో నీళ్లు తోడాను, నాకేమైంది?" అనే మా నానమ్మ వాదన లాంటిదే. ఒకరికి ఏమీ కాలేదంటే ఎవరికీ ఏమీ కాదని కాదు. గ్రిన్హామ్ చేతిలో ఉన్నది విల్లు, అందులో మందూ లేదు, మోతా లేదు. నూర్ సుర్యానీ చేతిలో ఉన్నది గాలి తుపాకీ. అసలు కీలకం అక్కడే ఉంది. మేమెవరం కూడా ఆ పిల్లని "ఏ తుపాకీ?" అని అడగలేదు.

మందుగుండుతో పేలే తుపాకీకీ, గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్‌ని తోసే తుపాకీకీ చాలా తేడా ఉంది. కడుపులో బిడ్డ విషయంలో భయపడాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి మోత, రెండోది సీసం.

మోత సంగతి చూద్దాం. ఐదో నెల దాటేసరికి బిడ్డకి చెవులు పనిచేయడం మొదలవుతుంది. తల్లి చెవులకి మఫ్స్ పెట్టుకుంటుంది. మరి పొట్టలో ఉన్నవాడికి ఎవరు పెడతారు? ఉమ్మనీరు, పొట్ట కండరాలు సన్నటి శబ్దాలని కొంత ఆపుతాయి కానీ "ఢమ్" మనే బరువైన శబ్దాలని అంతగా ఆపలేవు. చిన్నదిగా కనిపించే పాయింట్ 22 రైఫిల్ మోత కూడా 140 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద తుపాకులది ఇంకా ఎక్కువ. అమెరికాలో పనిచేసే చోట్ల ఆరోగ్యం గురించి చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ, గర్భిణులు 115 డెసిబెల్స్ దాటిన మోత ఉన్నచోట ఉండకూడదని చెబుతుంది. చెవులకి రక్షణ పెట్టుకున్నా సరే. ఎయిర్ రైఫిల్ శబ్దం వీటితో పోలిస్తే చాలా తక్కువ.

రెండోది సీసం. దీనికి మోత లేదు, వాసన లేదు, అందుకే నాకు దీని గురించే ఎక్కువ భయం వేసింది. మందుగుండు తుపాకీ పేల్చినప్పుడు, తూటా వెనక నిప్పు పుట్టించే మందులో సాధారణంగా సీసం ఉంటుంది. తూటాలోనూ ఉంటుంది. అది సన్నటి పొగలా, దుమ్ములా గాల్లో కలుస్తుంది. నాలుగు గోడల మధ్య, గాలి సరిగ్గా ఆడని రేంజిలో పీల్చేది అదే. సీసం ఒంట్లోకి వెళ్తే ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం తల్లి ఎముకలు కాల్షియం ఇస్తాయి కదా, దానితో పాటు దాచుకున్న సీసం కూడా రక్తంలోకి వస్తుంది. మాయ దాన్ని ఆపలేదు. బిడ్డ మెదడు మీద పడుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. పిల్లలకి "ఇంతవరకూ పరవాలేదు" అనే హద్దు సీసానికి లేదు.

ఎయిర్ రైఫిల్‌లో ఈ మందు పొగ లేదు. అయితే పెల్లెట్లు మామూలుగా సీసంవే. వేళ్లతో పట్టుకుని ఒక్కొక్కటి పెడతారు. ఆ చేత్తోనే బిస్కెట్ తింటే నోట్లోకి పోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుంటే, అక్కడ ఏమీ తినకుండా తాగకుండా ఉంటే, ఆ బట్టలు విడిగా ఉతుక్కుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. సీసం లేని పెల్లెట్లూ దొరుకుతున్నాయి. గురి బల్లల వెనక పోగయ్యే పెల్లెట్ల దుమ్ము ఎత్తడం, చీపురుతో ఊడ్వడం మాత్రం ఆ పిల్ల చేయకూడదు.

ఇక ఒంటి సంగతి. ఐదు కిలోల రైఫిల్ ఎత్తి గంటకి పైగా నిలబడాలి. కాన్వాస్‌తో బిర్రుగా కుట్టిన జాకెట్. మన వేసవిలో అది తొడుక్కుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కళ్లు తిరుగుతాయి. పొట్ట పెరిగేకొద్దీ నిలబడే తీరు మారుతుంది, నడుం నొప్పి పెడుతుంది. బోర్లా పడుకుని కాల్చే ఆటలైతే ఎలాగూ కుదరవు. ఇవి ఎవరి ఒంటిని బట్టి వాళ్లు, డాక్టరు చెప్పినదాన్ని బట్టి తేల్చుకోవలసినవి.

ఇవన్నీ బుర్రకెక్కించుకుని దానికి ఫోన్ చేశాను. చీవాట్లు మానేసి అడిగాను. "మీ రేంజిలో గాలి తుపాకులే ఉంటాయా, వేరేవి కూడానా?"

"నాది గాలి తుపాకీయే పెద్దమ్మా. పక్క వరసలో శనివారం పాయింట్ 22 పిస్టల్ వాళ్లు ప్రాక్టీసు చేస్తారు" అంది. మధ్యలో ఏముందని అడిగితే చెక్క పార్టిషనట. పైన కప్పు ఒకటే. గాలి బయటికి లాగే ఫ్యాన్లు రెండున్నాయి, ఒకటి పాడైంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తన చేతిలో ఉన్నదాని గురించే ఆలోచించింది కానీ, పక్కవాళ్ల చేతిలో ఉన్నదాని గురించి అది ఆలోచించలేదు. పాపం, దానితో ఎవరూ ఆ మాట అనలేదు కూడా. అందరూ "వద్దు" అన్నారు, అది "ఎందుకు వద్దు?" అంది. అక్కడితో రెండు వైపులా తలుపులు మూసేసుకున్నారు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష చేయించారు. కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. ఐరన్, కాల్షియం తక్కువైతే ఒళ్లు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుందట. అందుకని మాత్రలు మానొద్దనీ, పాలూ రాగులూ నువ్వులూ తినమనీ చెప్పారు. ఆ హాలుకి వెళ్లడం అది తనంతట తనే మానేసింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మీలో కొందరికి నచ్చకపోవచ్చు.

మందుగుండు తుపాకులు, అవి పేలే హాళ్లు కడుపుతో ఉన్నన్నాళ్లూ వద్దు. పాలిచ్చే రోజుల్లోనూ వద్దు, సీసం పాలలోకి కూడా వస్తుంది. ఆ తుపాకులు తుడిచే మందులూ దూరంగానే ఉండాలి. గాలి తుపాకులే ఉండి, గాలి బాగా ఆడే చోటు అయితే, డాక్టరు సరేనంటే, చేతుల శుభ్రం పాటిస్తే, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకూ వెళ్లనివ్వాలి. వెళ్లాలా మానాలా అన్నది ఆ పిల్ల నిర్ణయం. వియ్యపురాళ్లదీ కాదు, పెద్దమ్మదీ కాదు.

"తొమ్మిది నెలలు ఆగలేదా?" అంటారు చాలామంది. ఆగగలదు. కానీ ఆగమనే ముందు ఒకటి చూడండి. ఉద్యోగం మానమనలేదు ఎవరూ, దాని జీతంతో ఇంటి వాయిదా కడుతున్నారు. వారంలో రెండు గంటలు దాని కోసం అది చేసుకునే పని ఇదొక్కటే. ముందుగా మానమనేది ఎప్పుడూ అదే ఎందుకవుతుందో!

ఇంకో సంగతి. తుపాకీ మోతకి హడలిపోయిన మా వియ్యపురాలే, ఏడో నెల సీమంతానికి ఫంక్షన్ హాలూ డీజే మాట్లాడింది. డీజే డబ్బాల ముందు మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. ఆ డబ్బాల పక్కన పిల్లని మూడు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి గాజులు తొడుగుతాం. దీపావళికి అరుగు మీద లక్ష్మీబాంబులు కాలుస్తుంటే "దిష్టి పోతుంది, బయటికి రామ్మా" అని పిలుస్తాం. పురిటికి వచ్చే పిల్ల కోసం పాత గది గోడలు గీకి కొత్త రంగు వేయిస్తాం. ఇంటి రంగుల్లో సీసానికి మన దేశంలో 90 పీపీఎం హద్దు పెట్టింది 2017లో. అంతకు ముందువి గీకితే లేచే దుమ్ములో ఏముందో ఎవరు చూశారు? ఇవి మనకి అలవాటైనవి కాబట్టి భయం వేయదు. ఆడపిల్ల చేతిలో తుపాకీ అలవాటు లేదు కాబట్టి గుండె గుభేలుమంటుంది.

అందుకే నేను మా వియ్యపురాలికి కూడా ఫోన్ చేశాను. "వదినగారూ, శబ్దం గురించి మీరు భయపడింది నిజమేనండీ, మీ మాటే గెలిచింది" అని మొదలుపెట్టి, మెల్లిగా డీజే దగ్గరికి వచ్చాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సన్నాయి పెట్టిద్దాం లెండి, అదీ దూరంగా" అన్నారు.

గురి కాసేవాళ్లు పెల్లెట్ లేకుండా ఖాళీగా గురి పట్టి ట్రిగ్గర్ నొక్కే సాధన చాలా చేస్తారట. డ్రై ఫైర్ అంటారు. మోతా ఉండదు, సీసమూ ఉండదు. మా పిల్ల ఇప్పుడు వాళ్ల హాల్లో గోడ మీద నల్ల చుక్క అంటించి రోజూ ఇరవై నిమిషాలు అదే చేస్తోంది. చెప్పకుండా వెళ్లడం, అబద్ధాలాడడం లేవు. నాకు అన్నిటికన్నా నచ్చింది అది. ఏదైనా నలతగా ఉంటే ఆ ఇంట్లో ఇప్పుడు అది దాచుకోదు.

నిన్న ఫోన్ చేస్తే వియ్యపురాలే ఎత్తారు. "ఇప్పుడు మాట్లాడదండీ, గురి చూసుకుంటోంది. ఇంకో పది నిమిషాలాగి చేయండి" అన్నారు.