విప్పుకోగలిగితేనే మనది

వార్షికోత్సవ సంచికలో గేమ్ కన్సోల్ ముచ్చట ఏమిటని నవ్వకండి. నేను చెప్పేది ఆట గురించి కాదు, ఆ పెట్టెకున్న ఒక్క స్క్రూ గురించి.

2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360లో హార్డ్ డిస్కు నిండితే ఆ కంపెనీ డిస్కే కొనాలి. బజారులోని మామూలు డిస్కు తెచ్చి పెడితే ఒప్పుకునేది కాదు. 2013 నాటి సోనీ ప్లేస్టేషన్ 4 అలా కాదు. లాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల సాటా డిస్కు, మందం 9.5 మిల్లీమీటర్లు మించకపోతే చాలు. 500 జీబీ నిండిపోతే సేవ్ చేసిన ఆటలను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, స్క్రూ విప్పి, 1 టీబీ డిస్కు బిగించి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించుకోవడమే. కొత్త పెట్టె కొననక్కరలేదు.

చింతలపూడి నుండి పై చదువులకు వెళ్ళే మన తమ్ముళ్ళకు దొరికేది చాలాసార్లు సెకండ్ హ్యాండ్ లాప్‌టాపే. పాతవాటిలో చాలావాటికి ఇదే సైజు డిస్కు. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి వేస్తే నత్తనడక పోయి మరికొన్నేళ్ళు పనికొస్తుంది. కొత్తది కొనాలంటే అమ్మానాన్నలకు ఎన్ని రోజుల కూలో మనకు వేరే చెప్పాలా?

తెలియక విప్పితే పాడవుతుందంటారు. నిజమే. అందుకే నేర్చుకుని విప్పాలి. డబ్బిచ్చి కొన్నా విప్పనివ్వని వస్తువు సగమే మనది. ఇకపై ఏది కొన్నా ధర అడిగిన నోటితోనే "దీన్ని విప్పి బాగుచేసుకోవచ్చా?" అని కూడా అడగండి.