కేస్ షీటులో "కూలీ" అంటే ఏం పని?

మా పెదనాన్న ముప్పై ఏళ్ళు పట్నంలో మురుగు కాలవలు తీశాడు. ఆయాసం ముదిరి మంచం పడితే పెద్దాసుపత్రిలో చేర్పించాం. డాక్టర్లను తయారుచేసే ఆసుపత్రి అది. రోజూ పొద్దున పెద్ద డాక్టరు వెనక తెల్లకోట్లు బారులు తీరి వచ్చేవి. ఒకరి తర్వాత ఒకరు ఆయన వీపు మీద వేళ్ళతో కొట్టి చూశారు, స్టెతస్కోపు పెట్టి విన్నారు. చొక్కా విప్పమన్నారు గానీ "చూడొచ్చా" అన్నవాళ్ళు లేరు. ఆయన పేరు పద్నాలుగో బెడ్డు. ఇంగ్లీషులో ఏదో చెప్పుకున్నారు, పోయారు. నాలుగు రోజుల్లో "బీడీ తాగుతావా" అని ఏడుగురు అడిగారు, నేను లెక్కపెట్టాను. "ఏం పని చేస్తావయ్యా" అని అడిగింది ఒక్క మనిషే. వార్డు ఊడ్చే అమ్మ.

బీడీ తాగేవాడు, రోజుకో కట్ట. అది మంచిదని నేనెందుకంటాను? కానీ కేస్ షీటులో వృత్తి అని ఒక గడి ఉంది. అందులో "కూలీ" అని రాశారు.

ఏం కూలీ? పత్తిచేలో మందు కొట్టే కూలీనా? క్వారీలో రాయి కొట్టే కూలీనా? తోళ్ళ కూలీనా? ఒక్కో పని ఒంట్లో ఒక్కో చోట దెబ్బకొడుతుంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. దాన్ని క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మాత్రలు మింగించడం మన క్వారీ పల్లెలకు తెలియని సంగతి కాదు. పురుగుమందు ఒంటికి పడితే కళ్ళు మసకబారతాయి, చొంగ కారుతుంది, చెమట్లు పోస్తాయి. మురుగుగుంటలో గ్యాసు మొదట కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కుకి ఆ కంపు కూడా తెలియకుండా చేసి మనిషిని పడగొడుతుంది. ఇవన్నీ వాళ్ళ పుస్తకాల్లో ఉన్నవే. మంచం పక్కకి వచ్చేసరికి ఎందుకు గుర్తురావు?

రోగిని "నీ పనేమిటి" అని తప్పక అడగాలని 1700లోనే ఇటలీ డాక్టరు బెర్నార్దినో రామజ్జినీ పుస్తకం రాశాడు. ఆయనకు ఆ బుద్ధి పుట్టించింది ఎవరనుకున్నారు? వాళ్ళింట్లో దొడ్డిగుంట ఎత్తడానికి వచ్చిన పాకీ మనిషి. ఎందుకంత తొందరపడి పని చేస్తున్నావని రామజ్జినీ అడిగితే, ఈ గుంటలో నాలుగు గంటలు మించి ఉంటే కళ్ళు పోయినట్టే అన్నాడట ఆ మనిషి. వృత్తిరోగాల శాస్త్రానికి మొదటి గురువు ఆ పాకీ మనిషే. అదే పని చేసిన మా పెదనాన్న మన ఆసుపత్రిలో కూలీ అయ్యాడు.

తప్పంతా ఆ పిల్లలది కాదు. హౌస్ సర్జన్లు నిద్రల్లేక తూలుతూ పనిచేయడం నేను చూశాను. వాళ్ళకు నేర్పేవాళ్ళు అడగరు, కాబట్టి వాళ్ళూ అడగరు. ఆఖరి పరీక్షలో విద్యార్థికి ఒక రోగిని అప్పగిస్తారు. రోగి కథంతా రాబట్టి, ఒళ్ళంతా చూసి, పరీక్షకుడి ముందు చెప్పాలి. అక్కడ "కూలీ" అంటే సరిపోతోంది. "ఏం కూలీ, ఎన్నేళ్ళు, ఏ దుమ్ములో, ఏ మందులో" అని పరీక్షకుడు నిలదీసి మార్కులు కోస్తే మరుసటేడు నుంచి ప్రతి వార్డులో ఆ ప్రశ్న వినపడదా? టైము లేదంటారు. బీడీ సంగతి ఏడుసార్లు అడగడానికి ఎక్కడినుంచి వచ్చింది ఆ టైము?

మన మీద నేర్చుకోవద్దని మనం అనడం లేదు. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో పడుకున్న ఆసామి పొట్ట మీద పదిమంది పిల్లలు చెయ్యి వేయరు, నేర్చుకునేది మన ఒంటిమీదే. అందుకే అడిగే హక్కు మనకుంది. చెయ్యి వేసేముందు అడగండి, మా పని అడగండి, మా మాట నేర్చుకోండి. కడుపులో దేవుతోందన్నా, సలపరంగా ఉందన్నా, తెల్లబట్ట అవుతోందన్నా మొహమొహాలు చూసుకునేవాళ్ళు మాకేం వైద్యం చేస్తారు?

కాగితాల మీద మాటలకు కొదవలేదు. జనం బతుకు తెలిసిన సామాజిక వైద్యుడు కావాలని భోర్ కమిటీ 1946లో రాసింది. మెడికల్ కాలేజీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలని 1977లో పథకం పెట్టారు. ఇవాళ్టి డాక్టర్లలో ఎందరికి దాని పేరు తెలుసు? 2019లో ఎంబీబీఎస్ చదువు మార్చి, రోగితో ఎలా మెలగాలో, ఎలా మాట్లాడాలో కూడా పాఠంగా చేర్చారు. మంచిదే. క్లాసురూములో విన్న ఆ పాఠాన్ని వార్డులో పెద్ద డాక్టరు ఒక్క గసురుతో తుడిచేస్తే ఏం లాభం?

ఆ తెల్లకోట్లలో మన పిల్లలూ ఉన్నారు. "కూలీ" అంటే ఏమిటో ఇంట్లో చూసి వచ్చినవాళ్ళు. వాళ్ళెందుకు నోరెత్తరు? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద సాగే వివక్షను థోరాట్ కమిటీ 2007లోనే బయటపెట్టింది. 2019లో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. సీనియర్ల కులదూషణే కారణమని కుటుంబం కేసు పెట్టింది. అలాంటిచోట "మా నాన్న కాలవలు తీస్తాడు, ఈ దగ్గు నాకు తెలుసు సార్" అని ఏ పిల్ల అనగలదు?

ఆ ఒక్క గడి విలువ తక్కువేం కాదు. మురుగుగుంటలో చనిపోతే 30 లక్షలు, శాశ్వతంగా వికలాంగుడైతే 20 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా పెదనాన్నకి ఏమన్నా వస్తుందేమోనని మేం ఆఫీసుకి పోయాం. కాగితం చూపమన్నారు. చూపించాం. కూలీ అని ఉందిగా అన్నారు.

కార్యకర్తలు రెండు పనులు పెట్టుకోవాలి. మనవాళ్ళను ఆసుపత్రిలో చేర్చిన రోజే కేస్ షీటు చదివించుకోండి. "కూలీ" అని ఉంటే కొట్టేయించి, చేసే పని, చేసిన ఏళ్ళు రాయించండి. విసుక్కుంటారు, పట్టు వదలొద్దు. రెండోది, 2022 నుంచి మెడికల్ విద్యార్థులు ఊళ్ళో కుటుంబాలను దత్తత తీసుకోవాలని నిబంధన ఉంది. కాలేజీ బస్సు మీ ఊరొచ్చినప్పుడు రామాలయం దగ్గర ఆగిందా, పల్లెలోకి వచ్చిందా చూడండి. రాకపోతే బస్సు దగ్గరికి పోయి, ఏ కుటుంబాలను తీసుకున్నారో లిస్టు అడగండి.