నొప్పిని నమ్మినచోటే నిబ్బరం

దీర్ఘకాలిక నొప్పితో జీవించేవారికి ఇరుగుపొరుగువారు, బంధువులు, ఒక్కోసారి వైద్యులు కూడా చెప్పే మాట ఒకటి ఉంది: మనసు గట్టి చేసుకుంటే నొప్పి దానంతట అదే లొంగుతుందని. ఈ మాటలో కొంత సత్యం లేకపోలేదు. అయితే మనసు గట్టిపడడానికి ఎలాంటి పరిస్థితులు కావాలి, వాటిని సమకూర్చవలసినవారు ఎవరు అన్న ప్రశ్నను అది పూర్తిగా రోగి నెత్తిన పెట్టి పక్కకు తప్పుకుంటుంది కనుక, సలహాగా మొదలై నిందగా ముగుస్తుంది. మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని, లేదా అంతకాలం పాటు మళ్లీ మళ్లీ తిరగబెట్టే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు, నొప్పి ఉన్నదని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని, నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదని అనుకోరాదని ప్రత్యేకంగా చేర్చింది. పైకి చిన్నదిగా కనిపించే ఈ చేర్పు తూర్పు కనుమల గిరిజన గ్రామాలకు ఎంతగా అవసరమో సాలూరు పరిసరాలను చూస్తే బోధపడుతుంది.

వేగావతి ఒడ్డున, విజయనగరం నుంచి రాయపూర్ పోయే రహదారి కొండెక్కడం మొదలయ్యే చోట ఉన్న సాలూరు, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కొండలకు, మైదానానికి మధ్య గుమ్మం వంటి పట్టణం. జాతాపులు, కొండదొరలు, గదబలు, సవరలు, కువి మాట్లాడే కోదులు చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకునో కావిడి కట్టుకునో దిగివచ్చే సంతలు ఈ చుట్టుపక్కలవే. బరువులు మోసి అరిగిన మోకాళ్లు, పట్టేసిన నడుములు ఇక్కడ కొత్త కావు. అయితే ఈ కొండల్లోని నొప్పులన్నిటిలోనూ అతి తక్కువగా నమ్మకానికి నోచుకున్నది, పసితనంలోనే మొదలై జీవితాంతం వెంట ఉండేది మరొకటి ఉంది. అది సికిల్ సెల్ వ్యాధి వల్ల వచ్చే నొప్పి.

ఇది తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సంక్రమించే రక్తవ్యాధి. రక్తానికి ఎర్రదనాన్ని, ప్రాణవాయువును మోసే శక్తిని ఇచ్చే హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోవడం వల్ల, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణాలు గుండ్రని రూపు కోల్పోయి కొడవలి ఆకారంలోకి వంగి గట్టిపడతాయి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే ఇవి 10 నుంచి 20 రోజులకే నశిస్తాయి కనుక రక్తహీనత తప్పదు. అంతకంటే దారుణం, అవి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని ఎముకలకు, కండరాలకు రక్తం అందకుండా చేసినప్పుడు పుట్టే పోటు. ఒంట్లో నీరు తగ్గినా, చలి కొట్టినా, శక్తికి మించి శ్రమించినా, జ్వరం తగిలినా ఈ పోటు విరుచుకుపడవచ్చు. కొండవాలున ఎండలో జీడిపిక్కలు ఏరడం, దూరాన ఉన్న ఊట నుంచి నీళ్లు మోయడం, పుష్యమాసపు చలిలో పలచని దుప్పటితో రాత్రి గడపడం ఈ ప్రాంతంలో సాధారణ జీవితం. ఆ సాధారణ జీవితమే ఈ వ్యాధి ఉన్నవారికి నొప్పిని రేపుతుంది.

ఈ లోపం ఇక్కడ ఎందుకు నిలిచిందన్నదానికి కూడా శాస్త్రం సమాధానం చెప్పింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే లోపాన్ని పొందినవారిని వాహకులంటారు. వారికి సాధారణంగా నొప్పులు రావు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథోనీ అలిసన్ ఆఫ్రికాలో నిరూపించాడు. తరతరాలుగా మలేరియాకు నెలవైన మన్యంలో ఆ రక్షణ విలువైనదే. కానీ భార్యాభర్తలిద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు వ్యాధి అవకాశం ఉంటుంది. ఇది ఎవరి పాపమూ కాదు, ఏ తెగకూ కళంకం కాదు.

నొప్పి వచ్చినవేళ చూసేవారికి పైకి ఏమీ కనబడదు. కాలు విరగదు, గాయం ఉండదు, చాలాసార్లు వాపు కూడా ఉండదు. నిన్న సంతకు నడిచివచ్చిన మనిషి ఇవాళ మంచం దిగలేనంటే ఇంట్లోవారికే అనుమానం కలుగుతుంది. పనికి ఎగనామం పెడుతున్నాడన్న మాట త్వరగా పుడుతుంది. ఇంకా కొన్నిచోట్ల గూడెపు మంత్రవైద్యుడైన దిసరి చేత మంత్రం వేయించడంతోనో, నొప్పి ఉన్నచోట వాతలు పెట్టించడంతోనో రోజులు గడిచిపోతాయి. దిసరి దగ్గరకు పోయేవారిని అజ్ఞానులని తీసిపారేయడం తేలిక గాని, నొప్పిని మారుమాట లేకుండా నమ్మి, రోగి పక్కన రాత్రంతా కూర్చునే మనిషి అతడొక్కడే అయినప్పుడు ఆ నమ్మకం ఎక్కడికి పోతుందో ఆసుపత్రులు ఆలోచించుకోవాలి. వాతలు నిస్సందేహంగా హాని చేస్తాయి, వాటిని మానిపించాలి. అయితే మానిపించేవారు దిసరి చూపే శ్రద్ధలో సగమైనా చూపగలగాలి. ఇంట కువి మాట్లాడే వృద్ధురాలు తనకు రాని తెలుగులో, తన నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పవలసి వచ్చినప్పుడు, ఆమె మౌనాన్ని నొప్పి లేకపోవడంగా రాసుకోవడం ఎంత పెద్ద అన్యాయమో 2020 నాటి ఆ చేర్పు గుర్తుచేస్తుంది.

పిల్లల సంగతి మరింత బాధాకరం. ఈ వ్యాధి మూత్రపిండాలను కూడా తాకి, మూత్రాన్ని చిక్కబరచే శక్తిని తగ్గిస్తుంది కనుక, పిల్లలు మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వస్తుంది, కొందరు రాత్రిళ్లు పక్క తడుపుతారు. ఈ విషయం తెలియని ఆశ్రమ పాఠశాలలో ఆ బిడ్డ క్రమశిక్షణ లేనిదానిగానో, బద్ధకస్తురాలిగానో పేరు తెచ్చుకుంటుంది. పక్కన ఎప్పుడూ నీళ్ల సీసా ఉంచడం, అడిగినప్పుడల్లా బయటికి పంపడం, చలి ఉదయాల్లో డ్రిల్లు నుంచి మినహాయించడం, అదనంగా ఒక దుప్పటి ఇవ్వడం ఖర్చుతో కూడిన పనులు కావు. ఇవి జరిగిన చోట బిడ్డ చదువు కొనసాగుతుంది, జరగని చోట ఇంటికి వెళ్లిపోతుంది. ఆశావహ దృక్పథం అనే దానికి ఆ వయసులో ఇంతకు మించిన అర్థం ఉండదు.

సికిల్ సెల్ నొప్పి అప్పుడప్పుడు వచ్చి ఆసుపత్రిలో తగ్గిపోయేదన్న అభిప్రాయం వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. అమెరికాలోని వర్జీనియాలో 232 మంది పెద్దవయసు రోగులు రోజూ రాసుకున్న దినచర్యలను 2008లో పరిశోధకులు ప్రచురించినప్పుడు, సగానికి పైగా రోజుల్లో వారు నొప్పితోనే గడిపారని, అందులో అధికభాగం ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా ఇంట్లోనే భరించారని తేలింది. భారతీయ రోగుల్లో, గర్భస్థ శిశువుకు సహజమైన హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువ మోతాదులో మిగిలి ఉండడం వల్ల, వ్యాధి తీవ్రత కొంత తక్కువగా ఉంటుందని అంటారు కనుక ఆ లెక్కను ఇక్కడికి యథాతథంగా తేలేము. కానీ తుంటి ఎముకకు రక్తం అందక అది లోలోపల శిథిలమైపోయినవారికి పోటు లేని రోజున కూడా నొప్పి ఉంటుందన్నది ఎక్కడైనా ఒకటే. ఆసుపత్రి రికార్డులో కనబడే నొప్పి చాలా కొద్దిభాగమేనని దీనివల్ల గ్రహించాలి.

ఇక మనసు మాట. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం ప్రకారం, శరీరంలో పుట్టిన నొప్పి సంకేతం ఉన్నదున్నట్టు మెదడుకు చేరదు. వెన్నుపాములోనే దానిని హెచ్చించే, తగ్గించే ఏర్పాటు ఉంది, మెదడు నుంచి దిగివచ్చే ఆదేశాలు కూడా ఆ ఏర్పాటును ప్రభావితం చేస్తాయి. వివరాల్లో ఆ సిద్ధాంతానికి తర్వాత సవరణలు వచ్చినా, భయం, నిద్రలేమి, ఒంటరితనం నొప్పిని పెంచుతాయని, భద్రత, తోడు, ఇష్టమైన పని దానిని తగ్గిస్తాయని చెప్పే ఆధారం అప్పటి నుంచి బలపడుతూనే వచ్చింది. అంటే మనసుకు శక్తి ఉన్నమాట నిజమే. కానీ నిద్ర పట్టాలంటే చలి వేయని ఇల్లు కావాలి, భయం పోవాలంటే రాత్రివేళ పోటు వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకుపోతారో ముందే తెలియాలి, ఒంటరితనం పోవాలంటే థింసా నృత్యం ఆడలేని మనిషికి పాట అందుకునే చోటైనా ఊరు ఇవ్వాలి. వీటిలో ఏదీ రోగి ఒంటరిగా సంకల్పించి సాధించుకోగలిగినది కాదు.

రోగి చేతిలో ఉన్నవి కూడా లేకపోలేదు, వాటిని తక్కువ చేయడం తగదు. వాటిలో అన్నిటికంటే విలువైనది పనిని విడతలుగా పంచుకుని చేసుకునే పద్ధతి. నొప్పి లేని రోజున వారం పనంతా ఒక్కసారిగా ముగించాలని పూనుకోవడం, ఆ తర్వాత నాలుగు రోజులు మంచాన పడడం, ఆ అనుభవంతో భయపడి మొత్తంగా కదలడమే మానేయడం, కదలక కండరాలు బలహీనపడి నొప్పి మరింత పెరగడం దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారందరినీ పట్టే విషవలయం. బాగున్న రోజున కొంచెం తక్కువ, బాగులేని రోజున కొంచెమైనా అన్న క్రమం దానిని తెంచుతుంది. అయితే దినకూలి మీద, సంతరోజు మీద, పోడు అదను మీద బతికేవారికి ఈ క్రమం పాటించడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇంట్లోవారు పని పంచుకోనిదే అది సాగదు.

సాలూరుకు పేరు తెచ్చిన లారీ వృత్తిలో ఉన్నవారికి కూడా ఈ మాటలు వర్తిస్తాయి. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం, ఇంజను, రోడ్డు కలిసి శరీరమంతటికీ అందించే కంపనం నడుము నొప్పికి గుర్తించిన కారణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2020లో నడుము నొప్పి ఉన్నవారు 61.9 కోట్లు, అదే సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామాన్ని, నొప్పి గురించిన అవగాహనను సిఫారసు చేసి, మందుల దుకాణాల్లో విరివిగా అమ్ముడుపోయే నడుము పట్టీలను, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దన్నాయి. దారిలో కొనుక్కుని మింగే నొప్పి బిళ్లల గురించి మరొక హెచ్చరిక అవసరం. డైక్లోఫెనాక్ వంటివి ఏళ్ల తరబడి వాడితే కడుపుకు, మూత్రపిండాలకు ముప్పు. ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన మూత్రపిండ వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు గాని, ఆ విషాదాన్ని పక్కనే చూస్తున్న ఉత్తరాంధ్ర ఈ బిళ్లల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. సికిల్ సెల్ ఉన్నవారికైతే అసలే బలహీనపడిన మూత్రపిండాలు ఉంటాయి.

వైద్యం లేక చేతులెత్తేయవలసిన పరిస్థితి నిజానికి లేదు. గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా అనే మందు క్రమం తప్పక వాడితే తీవ్రమైన పోట్లు దాదాపు సగానికి తగ్గుతాయని 1995లోనే అమెరికాలో ఒక పెద్ద పరీక్ష నిరూపించింది. ఇది రోజూ మింగవలసిన మందు, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించవలసిన మందు; కనుక గుళిక ఎంత ముఖ్యమో, దానిని నెలనెలా గూడేనికి చేర్చే ఆరోగ్య కార్యకర్త అంత ముఖ్యం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పాటు ఉంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని తలపెట్టింది. లక్ష్యం గొప్పదే. కానీ పరీక్ష రాబోయే తరానికి మేలు చేస్తుంది; ఇవాళ నొప్పితో ఉన్న మనిషికి పరీక్ష ఫలితం చికిత్స కాదు, ఆ రెంటినీ ఒకటిగా లెక్కపెట్టే పొరపాటు జరగకూడదు.

బ్రిటన్‌లో 2012 నుంచి అమల్లో ఉన్న జాతీయ మార్గదర్శకం ప్రకారం, సికిల్ సెల్ పోటుతో ఆసుపత్రికి వచ్చిన రోగికి 30 నిమిషాల్లోగా నొప్పి తగ్గించే మందు అందాలి. నొప్పి నిజమా కాదా అన్న విచారణకు అందులో చోటు లేదు. సాలూరు కొండల్లో ఆసుపత్రి గడప చేరడానికే డోలీ కట్టవలసిన గూడేలు ఉన్నాయి, విశాఖపట్నం పెద్దాసుపత్రి ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైమాటే. అయినా ఈ పట్టణం ఒక దారి ఇదివరకే చూపించింది. కొండశిఖర గ్రామాల గర్భిణులను ప్రసవానికి ముందే దించి, సాలూరులో వసతిగృహంలో ఉంచి, కనిపెట్టుకుని చూసిన ఏర్పాటు ఎన్నో డోలీ ప్రయాణాలను తప్పించింది. చలినెలల్లో, జ్వరాల కాలంలో సికిల్ సెల్ రోగులకూ, తోడు వచ్చినవారికీ అలాంటి కొన్ని పడకలు కేటాయించడం అసాధ్యమేమీ కాదు. దానికి తోడు, పరీక్ష తర్వాత ఇచ్చే కార్డుతో పాటు మరొక కాగితం ప్రతి రోగి చేతిలో ఉండాలి: ఇంట్లో ఏ మందు ఎంత వేసుకోవాలి, ఎంతకూ తగ్గకపోతే ఎవరిని పిలవాలి, ఆసుపత్రిలో ఏ మందు ఏ మోతాదులో పనిచేస్తుంది, రోగి ఏ భాష మాట్లాడతాడు అన్న నాలుగు విషయాలు అతనిని ఎరిగిన వైద్యుడి సంతకంతో అందులో రాసి ఉండాలి. రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరు ఆ కాగితం చూసి, వేరే రుజువు అడగకుండా వెంటనే సెలైను, సూది సిద్ధం చేయమని నర్సుకు చెప్పగలిగేలా జిల్లా వైద్య శాఖ ఈ చలికాలం రాకముందే ఉత్తర్వు ఇవ్వవచ్చు.