రిజర్వు... ఎవరి కోసం? ఎవరి నుంచి?

రైల్లో సీటు రిజర్వు. కోర్టులో తీర్పు రిజర్వు. అసెంబ్లీ స్థానం రిజర్వు. అడవి రిజర్వు. మాట ఒక్కటే, అర్థాలే నాలుగు! ఈ ఇంగ్లిషు క్రియ వందల ఏళ్లుగా ఎన్ని మలుపులు తిరిగిందో తెలుసుకోవడానికి నిఘంటువు ఒక్కటే చాలదు. ఆసిఫాబాద్ దాకా వెళ్లిరావాలి.

కాజీపేట-బల్లార్షా మార్గంలో ఆసిఫాబాద్ రోడ్ అనే స్టేషన్ ఉంది. రిజర్వేషన్ బోగీలో కూర్చుని వచ్చిన ప్రయాణికుడు అక్కడ దిగి ఊరి దారి పట్టాడనుకోండి. ఆ ఊరి పేరుమీదున్న శాసనసభ స్థానం ఎస్టీలకు రిజర్వు. అక్కడి నుంచి కెరమెరి ఘాట్ ఎక్కితే చుట్టూ రిజర్వు ఫారెస్టు. దారిలో సాయుధ రిజర్వు పోలీసుల జీపు ఎదురైనా ఆశ్చర్యం లేదు. ఒక్క పూట ప్రయాణంలో ఒకే మాట నాలుగు వేషాల్లో కనిపిస్తుంది.

పైకి అది చాలా మామూలు మాట. కానీ ఈ అడవుల్లో ఆ మాట ఒకసారి భూమి లాక్కుంది, ఒకసారి పదవి తెచ్చిపెట్టింది. అసలు దాని కథేమిటి?

విత్తనాల గింజలు

రిజర్వు అన్న క్రియ పుట్టిల్లు లాటిన్. ‘రె’ అంటే వెనక్కి. ‘సెర్వారె’ అంటే ఉంచడం, కాపాడటం. రెండూ కలిస్తే ‘వెనక్కి తీసి ఉంచడం’. కొత్త పంట ఇంటికి రాగానే వచ్చే ఏడాది విత్తనాల కోసం కొన్ని గింజలు విడిగా తీసి పెడతారే... సరిగ్గా అదే. ప్రిజర్వ్, కన్జర్వ్, అబ్జర్వ్... ఇవన్నీ దీని తోబుట్టువులే.

ఫ్రెంచి మీదుగా ఈ మాట 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. అప్పట్లో దీన్ని చర్చి బాగా వాడుకుంది. కొన్ని మత పదవుల నియామకాన్ని పోప్ తన చేతిలోనే అట్టిపెట్టుకునేవారు. కొన్ని పాపాలకు క్షమాపణ ఇచ్చే అధికారం మామూలు పూజారికి ఉండేది కాదు, పైవాళ్లకే ‘రిజర్వు’. అంటే పుట్టింది పొదుపు మాటగానే అయినా, త్వరలోనే అధికారం మాట కూడా అయిందన్నమాట.

1600 ప్రాంతానికి వచ్చేసరికి అది మనసు లోపలికీ వెళ్లింది. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో పరదేశం వెళ్లే కొడుక్కి బుద్ధులు చెప్పే తండ్రి ఈ క్రియనే వాడతాడు. అందరి మాటా విను, నీ అభిప్రాయం మాత్రం బయటపెట్టకు అని దాని సారాంశం. కోర్టు తీర్పును రిజర్వు చేసిందని ఇవాళ్టి పేపర్లో చదివేదీ ఆ అర్థంలోనే. ఎవరితోనూ కలవకుండా ముభావంగా ఉండే మనిషిని ‘రిజర్వుడు’ అనడం కూడా ఆ కాలం నుంచే ఉంది.

తర్వాత సైన్యం అందుకుంది. యుద్ధంలో వెనక ఆపి ఉంచిన బలగం రిజర్వు. బ్యాంకులు అందుకున్నాయి. మన రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలైంది. 19వ శతాబ్దంలో నాటకశాలల్లో సీట్లు రిజర్వయ్యాయి. ఆ తర్వాత హోటల్ గదులు, రైలు పెట్టెలు. గింజల్లాంటి పొదుపు కాస్తా కుర్చీ మీద వేసిన తువ్వాలుగా మారింది!

తువ్వాలు వేసినవాడు ‘నా కోసం’ అంటాడు. నిలబడ్డవాడికి అది ‘నీకు కాదు’ అని వినిపిస్తుంది. రెండూ నిజమే. ఈ మాటకున్న అసలు గుణం అదే. ఎవరి కోసమో చెప్పదు, ఎవరి నుంచో చెప్పదు. ఆ రెండూ సంతకం పెట్టేవాళ్లు నిర్ణయిస్తారు.

టేకు కోసం గీత

బ్రిటిష్ ఇండియాలో మొదటి అటవీ చట్టం 1865లో వచ్చింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకూ, ఓడలకూ కలప కావాలి. 1878 చట్టం అడవుల్ని మూడు రకాలుగా విడగొట్టింది. రిజర్వుడు, ప్రొటెక్టెడ్, గ్రామ అడవులు. మొదటి రెండిటికీ తేడా చిన్నదేం కాదు. ప్రొటెక్టెడ్ అడవిలో, వద్దన్నవి తప్ప మిగతా పనులన్నీ చేసుకోవచ్చు. రిజర్వుడు అడవిలో, సరేనన్నవి తప్ప ఏదీ చేయకూడదు. తెలుగులో ఈ రెండిటినీ ‘రక్షిత అడవి’ అనేయడం వల్ల ఆ తేడా చాలామందికి తెలియనే తెలియదు.

హైదరాబాద్ రాజ్యం తన చట్టాలు తను చేసుకున్నా, దారి మాత్రం అదే. ఆదిలాబాద్ అంటే టేకు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఇక్కడి అడవుల చుట్టూ రిజర్వు గీతలు పడ్డాయి.

అప్పటికి గోండులు, కొలాములు తరతరాలుగా అక్కడ సాగు చేసుకుంటున్నారు. వాళ్ల సాగు పద్ధతి వేరు. తేలిక నేలల్లో కొన్నేళ్లు పంట తీస్తారు. నేల సత్తువ తగ్గగానే దాన్ని పడావు పెట్టి మరో చోటికి మారతారు. పడావు పెట్టిన చోట పొదలు పెరుగుతాయి, ఆకు రాలుతుంది, నేల మళ్లీ బలం పుంజుకుంటుంది. కొన్నేళ్లకు తిరిగి వచ్చి నాగలి కడతారు.

గీత గీయడానికి వచ్చిన సర్కారు సిబ్బందికి ఆ పడావు భూమిలో పైరు కనిపించలేదు, పొదలు కనిపించాయి. అడవి అని రాసుకున్నారు. ఇక్కడే ఉంది అసలు విషాదం. రేపటి కోసం నేలను వెనక్కి తీసి ఉంచినవాడు గోండు రైతు. లాటిన్ అర్థంలో చూస్తే రిజర్వు చేసింది అతనే! అలా ఉంచినందుకే ఆ భూమి సర్కారు రిజర్వులో కలిసిపోయింది.

అమెరికాలోనూ ఇదే మాట ఆదివాసుల తలరాత మార్చింది. కాకపోతే తిరగేసి. అక్కడ విశాలమైన నేలలు తీసేసుకుని, ఆదివాసుల్ని రిజర్వేషన్లు అనే పరిమితమైన జాగాల్లోకి పంపారు. ఇక్కడ రిజర్వు చేసి అందులోంచి బయటికి పంపారు. మాట అదే, దిశే వేరు.

జోడేఘాట్ అడిగింది అదే

ఈ గీత మీదే కుమురం భీం తిరగబడ్డారు. ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో పుట్టిన ఆయన, కొండల్లో సాగు చేసుకునే హక్కు కోసం తనవాళ్లను కూడగట్టారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల కాల్పుల్లో అమరుడయ్యారు. ఆయన పేరుతో ముడిపడిన ‘జల్, జంగల్, జమీన్’ నినాదం అడిగింది ఒకటే ప్రశ్న. ఈ అడవి ఎవరి కోసం?

ఆ కాల్పుల తర్వాతే నిజాం ప్రభుత్వం కారణాలు వెతకడం మొదలుపెట్టింది. మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ ఈ ఊళ్లు తిరిగి అటవీ రిజర్వులు గోండుల బతుకుల్ని ఎలా ఇరుకున పెట్టాయో నివేదికలు రాశారు. 1943లో మార్లవాయిలో గోండుల కోసం ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. వేల కుటుంబాలకు పట్టాలూ దక్కాయి.

అదే మాట, ఈసారి ఇటువైపు

స్వాతంత్ర్యం వచ్చాక ఆ క్రియ రెండో ముఖం చూపించింది. నిజానికి కొల్హాపూర్ సంస్థానంలో సాహూ మహారాజ్ 1902లోనే సగం ఉద్యోగాల్ని వెనకబడిన వర్గాలకు అట్టిపెట్టారు. రాజ్యాంగం 330, 332 అధికరణాల్లో ఎస్సీ, ఎస్టీలకు చట్టసభల్లో స్థానాలు రిజర్వు చేసింది. ఒకప్పుడు బలవంతుడు తనకోసం ఉంచుకున్నదానికి వాడిన మాట, ఇప్పుడు బలం లేనివాడి కోసం ఉంచేదానికి పేరయింది. ఇన్ని శతాబ్దాల్లో ఈ క్రియకు ఇంతకంటే పెద్ద మలుపు మరొకటి లేదేమో!

ఆసిఫాబాద్ స్థానమే చూడండి. నియోజకవర్గాల పునర్విభజనకు ముందు ఎస్సీలకు రిజర్వు. 2009 ఎన్నికల నుంచి ఎస్టీలకు. మాట మారలేదు, ‘ఎవరి కోసం’ అన్నది మారింది.

అయితే రిజర్వు అన్నంత మాత్రాన శాశ్వతం కాదు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో జీవో 3 ఇచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగం కోసం చదువుకుంటున్న గిరిజన యువతకు అది ఎంత దెబ్బో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అడవి సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి గిరిజనుల సాగులో ఉన్న భూమిపై వాళ్ల హక్కును గుర్తించమంది. తెలంగాణలో పోడు పట్టాల భారీ పంపిణీ 2023 జూన్ 30న మొదలైంది. మొదలైంది ఎక్కడో కాదు, ఆసిఫాబాద్‌లోనే. ఒకప్పుడు రిజర్వు గీత మింగిన నేలకు కాగితం రావడమంటే ఆ కుటుంబాలకు మాటలతో చెప్పే సంగతి కాదు.

కథ అక్కడితో ముగిసిందా? లేదు. 2025 మే నెలలో ప్రభుత్వం ఈ జిల్లాలో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. మహారాష్ట్రలోని తాడోబా, మన కవ్వాల్ పులుల అడవులకు మధ్య దారి కాపాడటం దాని ఉద్దేశం. పెట్టిన పేరు కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు! లాటిన్ ‘సెర్వారె’ ఆ పేరులో రెండుసార్లు ఉంది. రిజర్వు గీత మీద పోరాడినాయన పేరూ ఉంది. ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగాయి. 2025 జులైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది.

పులికీ దారి కావాలి, కాదనలేం. పోడు రైతుకూ నేల కావాలి. ఇందులో ఎవరిది తప్పో నిఘంటువు చెప్పదు. కానీ అడగాల్సిన ప్రశ్నలేవో ఈ మాట చరిత్ర చెబుతుంది. తెలుగులో ‘కేటాయించడం’ అంటే ఎవరికో చెప్పాలి. ‘నిషేధించడం’ అంటే ఎవరినో చెప్పాలి. ‘రిజర్వు’ అంటే మాత్రం రెండూ చెప్పకుండానే పని జరిగిపోతుంది. అందుకే కొత్త బోర్డు మీద ఆ మాట కనిపించినప్పుడల్లా అడగాల్సినవి రెండున్నాయి. ఎవరి కోసం? ఎవరి నుంచి? పడావు భూమిలో గీత పడిన రోజున ఆ రెండు ప్రశ్నలూ గోండు రైతును ఎవరూ అడగలేదు.