అర్థం తెలుగులో ఉంటే తప్పా?

తాడేపల్లిగూడెంలో ఉండే మా పిన్ని, కూతురి దగ్గరకు టెక్సాస్ వెళ్లబోతూ స్పానిష్ మాటలు నేర్చుకుంటోంది. పక్కింటి పెద్దావిడకు ఆ భాషే వచ్చట. ఏలూరులో కొన్న పుస్తకంలో అర్థాలన్నీ ఇంగ్లీషులోనే!

‘తూ’కీ, ‘ఉస్తేద్’కీ కూడా ‘యూ’ అనే ఉంది. ఒకటి నువ్వు, రెండోది మీరు అన్నాను. “ఓసి ఇంతేనా! పెద్దావిణ్ణి పట్టుకుని నువ్వు అనేసేదాన్నే” అంది పిన్ని.

‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను. మనలాగే ‘నేను’ అని విడిగా అనక్కర్లేదు. ‘తొఆయా’ అంటే తువ్వాలు. మన మాట దాని తోబుట్టువైన పోర్చుగీసు నుంచి వచ్చింది.

మరి ఇంగ్లీషు గుమ్మం దాటితేనే చదువా? పిల్లలూ, అమ్మకు ఏది నేర్పినా అర్థం తెలుగులో రాసివ్వండి. ఇంగ్లీషు రాకపోవడం తెలివి లేకపోవడం కాదు.