గిటారు కొనేముందు బ్రిడ్జి చూడండి

ఏమండోయ్, మీ ఇంట్లో కూడా గిటారు కావాలని మారాం చేసే పిల్లలున్నారా? అయితే కూర సిమ్‌లో పెట్టి ఈ నాలుగు ముక్కలూ చదవండి. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదనే రాస్తున్నాను.

కిందటేడాది మావాడు ఇంటర్ పాసయ్యాక ఎలక్ట్రిక్ గిటారు అడిగాడు. "అమ్మా, ఫ్లోటింగ్ బ్రిడ్జి ఉన్నదే కావాలి" అన్నాడు. బ్రిడ్జి అంటే నాకు తెలిసింది గోదావరి మీద ఉండేదే! చీటీ ఎత్తిన డబ్బులుంటే తీసిచ్చాను. ఆ డబ్బులో వచ్చేది, చూడ్డానికి తళతళలాడేది ఒకటి తెచ్చేసుకున్నాం.

పదిహేను రోజులు బాగానే వాయించాడు. ఒకరోజు సన్నతీగ పుటుక్కున తెగింది. ఒక్క తీగేగా అనుకున్నాను. తీరా చూస్తే మిగతా అయిదూ శ్రుతి తప్పాయి. కొత్త తీగ వేసినా అంతే. ఒకటి సరిచేస్తే ఇంకోటి తప్పుతుంది. రెండు గంటలు కుస్తీ పట్టి మూలన పెట్టేశాడు. "నీకు దేనిమీదా శ్రద్ధ లేదు, చీటీ డబ్బులు తగలేశావు" అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు మారు మాట్లాడలేదు. నెలన్నర దానివంక చూడలేదు.

ఆ తర్వాత మా వీధిలో గిటారు నేర్పే మాస్టారు చెబితే అసలు సంగతి తెలిసింది. ఈ బ్రిడ్జి మన తక్కెడ లాంటిదేనండీ. ఒకవైపు ఆరు తీగల బిగువు, రెండోవైపు గిటారు వెనక గూట్లో ఉండే స్ప్రింగుల బిగువు. సన్నతీగల సెట్టే అయినా ఆరూ కలిసి దాదాపు 38 కిలోల బలంతో లాగుతాయి. రెండువైపులా సమంగా ఉంటేనే బ్రిడ్జి తేలుతున్నట్టు నిలుస్తుంది. కడ్డీ నొక్కితే స్వరం కిందికి జారుతుంది, ఎత్తితే పైకి పోతుంది. ఒక తీగ తెగిందా, స్ప్రింగులదే పైచేయి. మిగతా తీగల శ్రుతి పెరిగిపోతుంది. ఇందులో పిల్లాడి తప్పేముంది చెప్పండి!

1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారుకే ఇలాంటి కడ్డీ ఉంది. ఎంత ఊపినా శ్రుతి చెదరకుండా తీగల్ని రెండు చివరలా బిగించే పద్ధతి 1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికా ఆయన తెచ్చాడు. మావాడు మోజుపడింది దానిమీదే.

ఇక కొనేముందు చూడవలసినవి:

కొత్తగా నేర్చుకునేవాళ్లకి కదలని బ్రిడ్జే మేలు. తీగ తెగితే అయిదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలన్నీ వేళ్లతోనే పలికించారు కదా!

ఫ్లోటింగే కావాలంటే, షాపులోనే కడ్డీని బాగా నొక్కి, ఎత్తి వదలమనండి. శ్రుతి మళ్లీ యథాస్థానానికి రావాలి. బ్రిడ్జి ఆనుకునే కత్తిలాంటి అంచులు గట్టి ఉక్కువై ఉండాలి. మెత్తటి లోహమైతే అరిగిపోయి శ్రుతి నిలవదు. తళతళ చూసి మోసపోకండి.

పక్కనుంచి చూస్తే బ్రిడ్జి గిటారుకి సమాంతరంగా ఉండాలి. ఒకవైపు లేచి ఉంటే స్ప్రింగులు సరిచేసి ఇమ్మనండి.

తీగలు ఒక్కొక్కటిగా మార్చాలి, అన్నీ ఒకేసారి విప్పకూడదు. ఎప్పుడూ ఒకే మందం తీగలు వాడాలి. మందం మారితే స్ప్రింగులూ సరిచేయాల్సిందే. అలెన్ కీలు, ఒక సెట్టు తీగలు అదనంగా కొనిపెట్టుకోండి.

మావాడి గిటారు అమ్మెయ్యక్కర్లేకపోయింది. మాస్టారు వెనక గూట్లో చిన్న చెక్కముక్క బిగించి, స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగకుండా ఆపేశారు. ఇప్పుడు తీగ తెగినా మిగతావి అంతగా చెదరవు. కడ్డీ పైకి ఎత్తడం కుదరదంతే. వాడికి అది చాలు, రోజూ వాయిస్తున్నాడు.

నేను వాడికి సారీ చెప్పాను. డబ్బు దండగైతే మనకి కడుపు మండుతుంది, నిజమే. కానీ తప్పు వస్తువుదా, పిల్లాడిదా అని ఒక్కసారి చూసుకుని అప్పుడు తిట్టండి.