చిత్రమున కానరాని ఇల్లు

అశోక్‌నగర్‌లో రెండు పడకగదుల వాటా అద్దెకున్నదని అంతర్జాలమున ఒక ప్రకటన. దాని క్రింద నాలుగు ఫొటోలు. మొదటిది మెట్లక్రింద నిలిపిన స్కూటరు. రెండవది స్నానపుగదిలోని బకెట్టు. మూడవదానిలో దండెముపై ఆరవేసిన బట్టలు, వాని వెనుక తెల్లని మచ్చవలె కిటికీ. నాలుగవది అడ్డముగా తిరిగిపోయిన వంటగది. పడకగదులు మాత్రమెచ్చటను లేవు. ఇట్టి ప్రకటనలు హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వీధులకు సంబంధించినవి ఏ దినము చూచినను కనబడును. చూచి నవ్వుకొనుట సులభము. కాని వానిని నమ్మి ఇల్లు నిర్ణయించుకొనువా డెవడో ఆలోచించినచో ఆ నవ్వు నిలువదు.

పూర్వము గేటుకు వ్రేలాడు ‘టు-లెట్’ పలకపై రెండే మాటలుండెడివి. అంతకుమించి అక్కరలేకపోయెను. పలక ఇంటికే కట్టబడియున్నది గనుక చదివినవాడు తలయెత్తినంతనే ఇల్లు కనబడెడిది. ఎండ ఏ వైపునుండి వచ్చునో, వీధి ఎంత ఇరుకో, బావియున్నదో లేదో వాకిట నిలిచియే తెలిసికొనెడివాడు. 99ఏకర్స్ 2005లోను, మ్యాజిక్‌బ్రిక్స్ 2006లోను వచ్చిన తరువాత పలక ఇంటిని విడిచి ఊరూర తిరుగసాగినది. పలకలోని క్లుప్తత అట్లే నిలిచినది. దానివెనుక నుండవలసిన ఇల్లు మాత్రము వెంట రాలేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

అశోక్‌నగర్ ఉద్యోగపరీక్షల శిక్షణకు పేరుపడిన చోటు. నగర కేంద్ర గ్రంథాలయములో చోటుకొరకు ఉదయముననే వచ్చు యువకులు, శిక్షణాలయములు, హాస్టళ్లు, జిరాక్సు దుకాణములు ఆ వీధుల జీవనము. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ పరీక్షలను వాయిదా వేయవలెనని అభ్యర్థులు ఆందోళన చేసినపుడు ఈ పేట పేరు రాష్ట్రమంతట వినబడినది. ఆదిలాబాదునుండియో, నల్లగొండనుండియో రాదలచిన విద్యార్థి బస్సెక్కక పూర్వమే ఫోనులో గది చూచి అడ్వాన్సు పంపుట వింతగాదు. వచ్చి తలుపు తీసినపుడు కిటికీ ప్రక్కయింటి గోడకు జానెడు దూరములో నుండును. దినమునకు పదిగంటలు చదువవలసినవానికి వెలుతురు అలంకారము కాదు. పగలే దీపము వెలిగించుకొని కూర్చుండును, లేదా అడ్వాన్సు వదలుకొని మరియొక గది వెదకుకొనును.

చిత్రము చెడుటకు కారణము పెద్ద రహస్యము కాదు. కిటికీకెదురుగా నిలిచి ఫొటో తీసినచో కెమెరా ఆ వెలుగునకే సర్దుకొని గదినంతను చీకటి చేయును. కిటికీకి వీపు పెట్టి నిలిచిన ఆ గదియే తేటగా వచ్చును. దీనికి విరుద్ధమైన దోషము మరియొకటి గలదు. విశాలకోణపు కటకముతో తీసినచో మూలలు సాగి, పది అడుగుల గది సభామండపమువలె కనబడును. ప్రబంధములలో పురవర్ణనము చదివిన పాఠకునకు ఇది క్రొత్త గాదు. ఆకసమునంటు మేడలను కవి వర్ణించినపుడు ఎవ్వరును అడ్వాన్సు చెల్లింపలేదు, అంతియే భేదము. ఈ రెండింటిలో చీకటి చిత్రమే కొంత మేలు. అది తెలుపక దాచునే గాని, లేనిది కల్పింపదు.

చట్టమేమి చేయుచున్నది? 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టములోని 12వ సెక్షను ప్రకారము, ప్రకటననో నమూనా ఫ్లాటునో నమ్మి సొమ్ము చెల్లించినవానికి అందలి అసత్యమువలన నష్టము కలిగినచో నిర్మాత పరిహారమీయవలెను. ఒప్పందమునుండి తొలగదలచిన సొమ్ము వడ్డీతో తిరిగి పొందవచ్చును. గోడలలోపల నిజముగా వాడుకకు వచ్చు నేల ఎంతయో ‘కార్పెట్ ఏరియా’ అను పేర నిర్వచించినది గూడ ఈ చట్టమే. తెలంగాణ నియమములు 2017లో వెలువడినవి. కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలములోని నిర్మాణములకు, ఎనిమిదికి మించని ఫ్లాట్లున్నవానికి నమోదు అక్కరలేదు. అద్దె ప్రకటనలు దీని పరిధిలో లేవు. 1960 నాటి భవనముల అద్దె చట్టము అద్దెను గూర్చి, ఖాళీ చేయించుటను గూర్చి మాటలాడునే గాని ప్రకటనలను గూర్చి కాదు. ఇంగ్లండులో 1991లోనే ఇండ్లను గూర్చి దళారులు తప్పుగా వర్ణించుటను నేరముగా జేసి ప్రత్యేక చట్టము తెచ్చిరి. 2013లో దానిని రద్దుచేసి, ఆ విషయమును సాధారణ వినియోగదారుల రక్షణ నిబంధనలకు వదలిరి.

అద్దెయిండ్ల యజమానులు చిత్రముల విషయమున శ్రద్ధ వహింపకపోవుటకు అసలు హేతువు గిరాకీ. ఉద్యోగ ప్రకటన వెలువడినంతనే గదులు నిండును. ఫొటో ఎట్లున్నను నిండును. కావున అశ్రద్ధకు మూల్యము చెల్లించువాడు అద్దెకు వచ్చువాడే.

అమ్మకములో ఇది తలక్రిందులగును. 1987లో అపార్టుమెంట్ల చట్టము వచ్చిన కాలమున కట్టిన ఫ్లాట్లు ఈ ప్రాంతమున నేటికిని గలవు. పింఛనుమీద జీవించు వృద్ధదంపతులు అట్టిదొకటి అమ్మదలచి, కుమారునిచే ఫోనులో తీయించిన చిత్రములు పెట్టుదురు. పెచ్చులూడిన గోడ, పాత క్యాలెండరు, మంచముపై మందులసంచి. కొనువాడు వానిని చూచి ఇల్లు శిథిలమని తలచి, భూమిలో వాటాగా వచ్చు గజములకు మాత్రమే ధర కట్టును. ఎదురుబొదురు కిటికీలనుండి ఆడు గాలి, చలికాలమున వరండాలో పడు ఎండ, మెట్టు తక్కువ గడపలు లెక్కకు రావు. ప్రకటనలో ‘మంజీరా నీరు’ అనిమాత్రము తప్పక వ్రాయుదురు. కృష్ణా గోదావరుల నీరు నగరమునకు వచ్చి ఏండ్లు గడచినను ఆ పేరు పోలేదు. అది నీటిపేరు కన్న పరువుపేరుగా నిలిచినది.

గది పొడవు వెడల్పులను టేపుతో కొలిచి వ్రాయుటకు, కిటికీ ఏ దిక్కుననున్నదో, దానికి ప్రక్కగోడ ఎన్ని అడుగుల దూరముననున్నదో చెప్పుటకు పైసా ఖర్చు లేదు. అయినను ప్రకటనలలో ఈ నాలుగు సంగతులే అరుదు. తూర్పు వాకిలియా, శాకాహారులకేనా, పెండ్లికాని వారికి ఇత్తురా అను వివరములు మాత్రము తప్పకుండ నుండును.